తక్కువ బడ్జెట్‌లో టీవీ కామెడీ పైలట్: కొత్తవాళ్లు మొదటి ఎపిసోడ్ తీయడం ఎలా

పైలట్ అంటే సిరీస్‌ను ఛానల్‌కు అమ్ముకోవడానికి నమూనాగా తీసే మొదటి ఎపిసోడ్. ఛానల్ వాళ్లుగానీ నిర్మాతలుగానీ దాన్ని చూసేటప్పుడు వెతికేవి రెండే. ఈ మనుషుల్ని వచ్చే వారం కూడా చూడాలనిపిస్తోందా? వీళ్లతో యాభై ఎపిసోడ్లు నడుస్తాయా? ఈ రెంటికీ అవునని అనిపించిన పైలట్‌లో గోడ రంగు బాగా లేకపోయినా ఎవరూ పట్టించుకోరు. కాదనిపిస్తే ఎంత ఖరీదైన కెమెరాతో తీసినా లాభం లేదు. 2005లో ఎఫ్‌ఎక్స్ ఛానల్‌లో మొదలై ఏళ్ల తరబడి నడిచిన 'ఇట్స్ ఆల్వేస్ సన్నీ ఇన్ ఫిలడెల్ఫియా' అనే అమెరికన్ సిరీస్ ఇలాగే పుట్టింది. కొందరు నటులు తామే రాసుకుని, చిన్న డిజిటల్ కెమెరాతో, తాముండే ఇళ్లలోనే తీసుకున్న వీడియో దానికి మూలం.

అందుకే ఈ మార్గదర్శి అంతా ఒక్క నమ్మకం మీద నడుస్తుంది. చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బూ సమయమూ నటుల ముఖాల మీద, వాళ్ల మాట స్పష్టంగా వినిపించడం మీద పెట్టాలి. మిగతా వాటిలో ఎంత తగ్గించుకున్నా పైలట్ నిలబడుతుంది.

1. ఎపిసోడ్లు పుట్టించే గొడవ

సిట్‌కామ్‌కు, అంటే అవే పాత్రలతో వారం వారం నడిచే కామెడీ సిరీస్‌కు, కథ కంటే ముందు కావాల్సింది ఎప్పటికీ తెగని గొడవ. ఒక ఉదాహరణ తీసుకుందాం. అక్కా తమ్ముడూ కలిసి లిఫ్టులు రిపేరు చేసే చిన్న ఆఫీసు నడుపుతుంటారు. అక్కకు ఎవరికీ కాదని చెప్పడం చేతకాదు. తమ్ముడికి లిఫ్టు ఎక్కాలంటే ప్రాణభయం, కానీ ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వడు. ఎవరు ఫోన్ చేసినా అక్క 'వచ్చేస్తున్నాం' అంటుంది. తమ్ముడు మెట్లెక్కి వెళ్లి, ఎందుకు ఆలస్యమైందో రోజుకో కారణం చెబుతాడు. ఇందులో ఇద్దరూ చెడ్డవాళ్లు కాదు. ఎవరి స్వభావం కొద్దీ వాళ్లు నడుచుకుంటే చాలు, రెండోవాళ్లు ఇరుకున పడతారు. కామెడీకి ఇంతకంటే మంచి పునాది ఉండదు.

మీ ఆలోచనకు ఒక పరీక్ష పెట్టండి. పది ఎపిసోడ్లకు ఒక్కో వాక్యం చొప్పున కథలు రాయండి. నాలుగో దానికే కొత్త పాత్రనో, ప్రయాణాన్నో, పెళ్లినో తేవాల్సి వస్తోందంటే అసలు గొడవలో పస లేదు. అప్పుడు స్క్రిప్ట్‌కు మెరుగులు దిద్దుతూ కూర్చోకండి, మళ్లీ పాత్రల దగ్గరికి వెళ్లండి.

కొత్తగా రాసేవాళ్లు తరచూ రెండు చోట్ల దారి తప్పుతారు. ఒకటి, పైలట్ ఆఖర్లో పాత్రకు బుద్ధి రావడం. తమ్ముడు మొదటి ఎపిసోడ్‌లోనే ధైర్యంగా లిఫ్టు ఎక్కేస్తే రెండో ఎపిసోడ్‌కు మిగిలేది ఏమీ లేదు. గట్టు మీదికి వచ్చినట్టే వచ్చి మళ్లీ నీళ్లలో పడాలి. రెండోది, పైలట్ అంతా పరిచయాలకే ఖర్చయిపోవడం: వీళ్లెవరు, ఎలా కలిశారు, ఆఫీసు ఎప్పుడు పెట్టారు. అవన్నీ జరిగిపోయాక వచ్చిన ఒక మామూలు రోజున కథ మొదలుపెట్టండి. ఆ రోజు ఒక్క మార్పు చాలు, కొత్త ఉద్యోగి చేరడం లాంటిది. చూసేవాళ్లకు మిగతాది నడకలోనే తెలుస్తుంది.

2. చేతిలో ఉన్నవాటితో స్క్రిప్ట్

రాయడానికి ముందు ఒక జాబితా వేసుకోండి. మూడు నాలుగు రోజులు మీ చేతిలో ఉండే గదులు, అడగకుండా వాడుకోగల వస్తువులు, నమ్మకంగా వచ్చే నటులు. స్క్రిప్ట్ ఆ జాబితాలోంచే పుట్టాలి. ఊహించుకుని రాసేసి తర్వాత లొకేషన్ కోసం తిరిగితే డబ్బు అక్కడే అయిపోతుంది.

రెండు లొకేషన్లు, నాలుగైదు పాత్రలు సరిపోతాయి. రాత్రిపూట వీధి, వాన, గుంపు, నడిచే వాహనం, పసిపిల్లలు, జంతువులు: వీటిలో ఏది కనిపించినా ఆ సీన్ లోపలి గదిలో జరిగేలా మార్చే దారి వెతకండి. మన ఉదాహరణలో లిఫ్టు ఆగిపోయి లోపల ఒకాయన ఇరుక్కున్నాడు అనుకుందాం. ఖర్చయ్యే పద్ధతిలో అయితే లిఫ్టు సెట్, లోపల జనం, బయట కంగారు అన్నీ చూపించాలి. అదే సీన్‌ను ఆఫీసులోంచే నడపవచ్చు:

అక్క (ఫోన్‌లో): అయిదు నిమిషాల్లో మావాడు మీ ముందుంటాడు సార్.
ఫోన్‌లో గొంతు: పధ్నాలుగో అంతస్తమ్మా.
తమ్ముడు బూట్ల లేసులు కట్టుకుంటున్నవాడల్లా ఆగుతాడు. కట్టినవి విప్పుతాడు. మళ్లీ మొదటి నుంచి కడతాడు.
అక్క: బయల్దేరిపోయాడు సార్.

ఒక గది, ఇద్దరు నటులు, ఒక గొంతు. నవ్వు తమ్ముడి చేతుల్లో ఉంది, డైలాగ్‌లో లేదు. పాత్ర ఏం దాస్తోందో చూసేవాళ్లకు తెలిస్తే చాలు, ఇంత చిన్న పనే పంచ్ అవుతుంది. తక్కువ బడ్జెట్ వల్ల రచన మెరుగుపడేది ఇలాంటి చోట్లే.

నిడివి సంగతి. ప్రకటనలు వేసే ఛానళ్లలో అరగంట స్లాట్ అంటే అసలు కార్యక్రమం 22 నిమిషాలు అటూఇటూగా ఉంటుంది. మామూలుగా పేజీకి ఒక నిమిషం అని లెక్క వేస్తారు. కామెడీలో మాటల వేగం ఎక్కువ కాబట్టి 28 నుంచి 32 పేజీల స్క్రిప్ట్ ఆ నిడివికి సరిపోతుంది. మొదట ఒకటి రెండు నిమిషాల చిన్న సీన్, ఆ తర్వాత టైటిల్, మధ్యలో రెండు మూడు అంకాలు, చివర టైటిళ్ల దగ్గర ఒక కొసమెరుపు. ప్రధాన కథ ఒకటి, దానికి పక్కన చిన్న ఉపకథ ఒకటి. అంతకుమించి పెట్టకండి.

ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి, మూడు నాలుగు కెమెరాలతో, స్టేజి లాంటి సెట్‌లో తీసే పద్ధతి ఒకటుంది. 1951లో 'ఐ లవ్ లూసీ' అనే అమెరికన్ సిరీస్‌ను మూడు ఫిల్మ్ కెమెరాలతో ప్రేక్షకుల ముందు తీయడంతో అది స్థిరపడింది. దానికి సెట్, లైట్ల గ్రిడ్, పెద్ద సిబ్బంది కావాలి. కొత్తవాళ్లు అసలు గదుల్లో ఒకటి రెండు కెమెరాలతో తీయడమే మేలు.

3. బయటికి చదివించండి

స్క్రిప్ట్ కాగితం మీద ఉన్నంతసేపూ అన్ని జోకులూ పేలతాయి. నలుగురిని కూర్చోబెట్టి పాత్రలు పంచి చదివించండి. రాసినవాళ్లు చదవకూడదు, వివరణ ఇవ్వకూడదు. చేతిలో పెన్సిల్ పెట్టుకుని, నిజంగా నవ్వు వచ్చిన చోట ఒక గీత, మర్యాదకు నవ్విన చోట సున్నా పెట్టండి. పేజీ మొత్తం గీత లేకుండా వెళ్లిందంటే ఆ పేజీని కుదించాలి. ఇంకొకరు స్టాప్‌వాచ్‌తో సీన్ సీన్‌కీ సమయం రాసుకోవాలి. ఇలా కనీసం మూడు విడతలు, వేర్వేరు మనుషులతో చేయండి. షూటింగ్‌లో ఒక పేజీ తీయడానికి గంటన్నర, రెండు గంటలు పడుతుంది. చదివేటప్పుడే దాన్ని కొట్టేస్తే పైసా ఖర్చు లేదు.

4. డబ్బు, కాగితాలు

అయిదారు పేజీలు రోజుకు తీయగలిగితే 30 పేజీలకు అయిదారు రోజులు. అంతా ఒకే లొకేషన్ చుట్టూ ఉంటే, రిహార్సల్ బాగా చేస్తే ఒక రోజు తగ్గించవచ్చు. లొకేషన్ మారిన ప్రతిసారీ సామాను సర్దడం, దింపడం, లైట్లు పెట్టడం కలిపి సగం రోజు పోతుంది.

ఖర్చులో నేను పెట్టే వరుస ఇది. అందరికంటే ముందు సౌండ్ రికార్డిస్ట్. తర్వాత అందరికీ వేళకు మంచి భోజనం, ఎందుకంటే తక్కువ పారితోషికానికి వచ్చినవాళ్లకు మీరిచ్చే గౌరవం అందులో కనిపిస్తుంది. ఆ తర్వాత హార్డ్ డిస్కులు, ప్రయాణం, బీమా. కెమెరా ఆఖరున. ఇవాళ్టి మామూలు మిర్రర్‌లెస్ కెమెరాలు ఈ పనికి సరిపోతాయి. మొత్తంలో 10 శాతం విడిగా ఉంచి, దాని ఊసు ఎవరికీ చెప్పకండి.

స్నేహితులే కదా అని కాగితాలు వాయిదా వేయకండి. రచయితలు ఇద్దరుంటే హక్కుల్లో ఎవరి వాటా ఎంత, ఒకరు మధ్యలో తప్పుకుంటే ఏమవుతుంది అన్నది షూటింగ్‌కు ముందే రాసుకుని సంతకాలు పెట్టాలి. ప్రతి నటుడి దగ్గరా, ప్రతి సిబ్బంది దగ్గరా, లొకేషన్ యజమాని దగ్గరా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ఛానల్ కొనేటప్పుడు వాళ్ల లాయరు మొదట అడిగేది ఈ సంతకాల వరుసే. ఒక్క సంతకం లేకపోయినా బేరం ఆగిపోవచ్చు. నటులు సంఘంలో సభ్యులైతే ఆ సంఘానికి చిన్న బడ్జెట్ నిర్మాణాల కోసం వేరే ఒప్పందం ఉందేమో అడగండి.

5. ఆర్టిస్టులు

కామెడీ నటుడికి డైలాగ్ చెప్పడం కంటే వినడం ముఖ్యం. అందుకే ఆడిషన్‌లో ఆ పాత్రకు తక్కువ మాటలున్న సీన్ ఇవ్వండి. ఎదుటివాళ్లు మాట్లాడుతున్నప్పుడు ముఖంలో ఏం జరుగుతోందో చూడండి. తన వంతు కోసం ఎదురుచూస్తున్నారా, నిజంగా వింటున్నారా అన్నది అర నిమిషంలో తెలిసిపోతుంది. తర్వాత ఒక మార్పు చెప్పండి: 'ఇదే సీన్, కానీ పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నారు.' ఆ మాటతో నటన మారితే సెట్‌లో వాళ్లతో పని చేయగలరు. ఎంత చెప్పినా అలాగే చేస్తే ఎంత ప్రతిభ ఉన్నా కష్టమే.

ముఖ్యమైన ఇద్దరినీ విడివిడిగా ఎంచుకోకండి. జంటలుగా నిలబెట్టి చదివించండి. నటులు దొరికాక రెండు మూడు రోజులు రిహార్సల్ చేయాలి, వీలైతే అసలు లొకేషన్‌లోనే. ఆ రోజుల్లో వాళ్ల నోట వచ్చే మంచి మాటల్ని రాసుకుని స్క్రిప్ట్‌లో పెట్టేయండి.

6. షెడ్యూల్

సిబ్బందిగా వీళ్లు కావాలి: కెమెరామన్, ఆయనకో సహాయకుడు, సౌండ్‌కు ఇద్దరు, ఆర్ట్ కాస్ట్యూమ్స్ కలిపి ఒకరు, మేకప్, కంటిన్యుటీ (షాట్‌కూ షాట్‌కూ మధ్య బట్టలూ వస్తువులూ మారకుండా) చూసేవారు, ప్రొడక్షన్ పనులకు ఇద్దరు, వీళ్లందరినీ గడియారం ప్రకారం నడిపే అసిస్టెంట్ డైరెక్టర్. దర్శకుడే ఆ ఆఖరి పని కూడా చేస్తానంటే ఒప్పుకోకండి. టైము చూసేవారు, నటన చూసేవారు వేర్వేరు మనుషులై ఉండాలి.

సీన్లను లొకేషన్ ప్రకారం గుంపులు చేయండి. మొదటి రోజు పొద్దున్నే కష్టమైన సీన్ పెట్టకండి, అందరూ ఒకరికొకరు అలవాటు పడాలి. నలుగురైదుగురు కలిసి మాట్లాడే పెద్ద సీన్ రెండో రోజుకో మూడో రోజుకో వేయండి. ముందు రోజు సాయంత్రంలోగా కాల్ షీట్ అందరికీ చేరాలి. ఎవరు ఎన్నింటికి రావాలి, చిరునామా, ఏయే సీన్లు, ఫోన్ నంబర్లు, దగ్గర్లోని ఆసుపత్రి అందులో ఉండాలి. పని 12 గంటలు దాటనివ్వకండి. అలసిన నటుడి టైమింగే మొదట దెబ్బతింటుంది.

7. సెట్‌లో

ప్రతి సీన్‌నూ ముందు కెమెరా లేకుండా నడిపించి చూడండి. ఎవరు ఎక్కడ నిలబడతారో తేలాక లైటింగ్. నటులు అటూఇటూ కదిలే వీలుండాలి కాబట్టి గదంతా మెత్తటి వెలుగు నింపండి. కిటికీ వెలుగు, తెల్లటి థర్మాకోల్ షీట్లతో చాలావరకు సరిపోతుంది. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్న చోట సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెడితే ట్యూబ్‌లైట్ల మినుకు పడదు. 60 హెర్ట్జ్ ఉన్న చోట షట్టర్ 1/60 పెట్టండి.

ముందు సీన్ మొత్తం మాస్టర్ షాట్‌లో, అంటే అందరూ కనిపించే వెడల్పాటి ఫ్రేమ్‌లో తీయండి, తర్వాత సజెషన్ షాట్లు (ఒకరి భుజం మీదుగా ఎదుటివారిని చూపేవి), క్లోజప్‌లు. ఇద్దరి మధ్య ఊహారేఖ దాటకుండా కెమెరా ఒకే వైపు ఉండాలి, లేదంటే ఎడిటింగ్‌లో ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తున్నట్టు కనబడతారు. రెండు కెమెరాలు దొరికితే ఒక్కొక్కటి ఒక్కో ముఖం మీద పెట్టి ఒకేసారి తీయండి. అప్పటికప్పుడు పుట్టిన మాటా, దానికి ఎదుటివారి మొదటి రియాక్షనూ రెండూ దక్కుతాయి. ఒకే కెమెరా ఉంటే ఎవరి ముఖం మీద నవ్వు ఆధారపడిందో వాళ్ల క్లోజప్ ముందు తీయండి. పదో టేక్‌కు ఆశ్చర్యం నటనగా మారిపోతుంది.

శరీరంతో చేసే కామెడీని మాత్రం తల నుంచి కాళ్ల దాకా కనిపించేలా వెడల్పుగా తీయాలి. లేసుల సీన్‌లో నేనైతే ముందు తమ్ముడూ అక్కా ఇద్దరూ పట్టే ఫ్రేమ్ పెడతాను. ఆమె మాటా, అతని చేతులూ ఒకే చిత్రంలో ఉన్నప్పుడే ఆ అబద్ధం కళ్లకు కడుతుంది. చేతుల క్లోజప్ విడిగా తీసి పెట్టుకుంటాను, నిడివి సర్దడానికి పనికొస్తుంది.

రాసినది రాసినట్టుగా రెండు మంచి టేకులు వచ్చాక ఒక టేక్ నటుల ఇష్టానికి వదిలేయండి. డైలాగ్ అయిపోగానే కట్ చెప్పకండి. అయిదు సెకన్లు ఆగండి. ఏం చేయాలో తెలియక ముఖంలో పుట్టే ఆ ఖాళీ క్షణం ఎడిటర్‌కు వరం. నవ్వు ఆపుకోలేని సిబ్బందిని టేక్ అయ్యేదాకా బయటికి పంపండి.

8. సౌండ్

చిత్రం కాస్త మసకగా ఉన్నా చూస్తారు. మాట వినపడకపోతే జోక్ చచ్చిపోతుంది. అందుకే లొకేషన్ ఎంచుకునేటప్పుడు గదిలో నిలబడి కళ్లు మూసుకుని రెండు నిమిషాలు వినండి. ఫ్యాన్లు, ఏసీ, ఫ్రిజ్ ఆపేయాలి. ఫ్రిజ్ ఆపేటప్పుడు బండి తాళాలు అందులో పెట్టేయండి, వెళ్లేటప్పుడు దాన్ని మళ్లీ ఆన్ చేయడం మరిచిపోరు.

బూమ్ మైక్ (పొడవాటి కర్ర చివర పట్టుకునే మైకు) ఫ్రేమ్ అంచుకు ఎంత దగ్గరగా వస్తే అంత మంచిది. బట్టల్లో పెట్టే చిన్న మైకులు అదనపు రక్షణ. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డు చేయండి. గట్టిగా పలికిన మాట మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర తిరిగేలా చూసుకోండి. ప్రతి గదిలో అందరూ కదలకుండా నిలబడి 30 సెకన్ల నిశ్శబ్దం రికార్డు చేయాలి. ఎడిటింగ్‌లో మాటల మధ్య సందుల్ని పూడ్చేది అదే. క్లోజప్‌లలో ఒకరి మాట మీద ఒకరు పడకుండా మాట్లాడించండి. మాట మీద మాట కావాలంటే ఎడిటింగ్‌లో కలుపుకోవచ్చు, కలిసిపోయినవాటిని విడదీయలేం. ఫోన్‌లో వినిపించే గొంతు ఉంటే ఆ నటుణ్ని పక్క గదిలో కూర్చోబెట్టి అప్పుడే పలికించండి. ఎదుట నిజంగా ఎవరో మాట్లాడుతుంటే నటన వేరుగా ఉంటుంది.

రోజు చివర మూడు కాపీలు: రెండు రకాల డిస్కుల్లో, వాటిలో ఒకటి వేరే ఇంట్లో. కాపీ తెరిచి చూసేదాకా కెమెరా మెమరీ కార్డును ఖాళీ చేయకూడదు.

9. ఎడిటింగ్

మొదటి కూర్పు 28 నిమిషాలొస్తుంది, చప్పగా ఉంటుంది. కంగారు పడకండి, అందరిదీ అంతే. ముందు సీన్ల మొదళ్లు నరకండి. నమస్కారాలు, తలుపు తీయడాలు, కూర్చోవడాలు పోతే నిమిషాలు తగ్గుతాయి. ఆ తర్వాత జోకు జోకుకీ ఫ్రేముల లెక్కన పని చేయాలి. పంచ్ డైలాగ్ చెప్పేవారి మీద కంటే అది విన్నవారి ముఖం మీద కట్ చేసి చూడండి. చాలాసార్లు నవ్వు అక్కడే ఉంటుంది. జోక్ కింద సరదా సంగీతం వేయకండి, 'ఇక్కడ నవ్వండి' అని చెప్పినట్టు ఉంటుంది. రికార్డు చేసిన నవ్వులు కూడా వద్దు.

ఇతరుల పాట వాడాలంటే రెండు అనుమతులు కావాలి, బాణీ సాహిత్యాల హక్కుదారుది ఒకటి, ఆ రికార్డింగ్ యజమానిది ఇంకొకటి. మీ సంగీతం మీరే చేయించుకోండి, రాతపూర్వకంగా హక్కులు రాయించుకోండి. గోడ మీది పోస్టర్లు, చొక్కాల మీది కంపెనీ గుర్తులు, వెనక టీవీలో ఆడుతున్న సినిమా ఇవన్నీ కూడా అనుమతి అడిగేవే.

మీరెవరో తెలియని పదిమందికి చూపించండి. తెర వైపు కాక వాళ్ల వైపు తిరిగి కూర్చోండి. నవ్విన చోటు, ఫోన్ చూసుకున్న చోటు టైమ్‌కోడ్‌తో రాసుకోండి. వాళ్లిచ్చే సలహాలను వినండి, కానీ నోట్‌బుక్‌లోని గుర్తుల్నే ఎక్కువ నమ్మండి. 'సైన్‌ఫెల్డ్' అనే అమెరికన్ సిట్‌కామ్ పైలట్‌ను 1989లో పరీక్షగా చూపించినప్పుడు వచ్చిన నివేదిక ఏమంత బాగాలేదు. అయినా ఛానల్ ఇంకో నాలుగు ఎపిసోడ్లు తీయమంది, అది తొమ్మిది సీజన్లు నడిచింది. అర్థం కాలేదని అందరూ ఒకే చోట అంటే మాత్రం అక్కడ మార్చి తీరాలి.

పంపించేటప్పుడు ధ్వని ప్రమాణం చూసుకోండి. శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే కొలతలో చూస్తారు: యూరప్ ప్రసార ప్రమాణం మైనస్ 23, అమెరికాలో మైనస్ 24.

10. చేతుల్లో పెట్టడం

పైలట్‌ను ఒంటరిగా పంపకండి. దాని వెంట ఒక్క వాక్యంలో కథ, పాత్రల గురించీ రాబోయే ఎపిసోడ్ల గురించీ చెప్పే అయిదారు పేజీల పత్రం, పూర్తిచేసిన రెండో ఎపిసోడ్ స్క్రిప్ట్ ఉండాలి. చాలా సంస్థలు అడగకుండా పంపినవి తెరవవు. ఏజెంట్, నిర్మాత, అదీ కాకపోతే టీవీ, సినిమా ఉత్సవాల (ఫెస్టివల్స్) ద్వారా వెళ్లాలి. అమెరికాలోని డెన్వర్‌లో జరిగే సిరీస్‌ఫెస్ట్ స్వతంత్రంగా తీసిన పైలట్లను పోటీకి తీసుకుంటుంది. ఎంట్రీ పంపేముందు నిబంధనలు చదవండి, అంతకుముందు బహిరంగంగా విడుదల చేసినవాటిని తీసుకోని ఉత్సవాలున్నాయి. అందుకే మొత్తం ఎపిసోడ్‌ను తొందరపడి ఇంటర్నెట్‌లో పెట్టకండి. పాస్‌వర్డ్ ఉన్న లింకు చాలు.

ఎవరైనా ఆసక్తి చూపిస్తే మొదట వచ్చేది ఎక్కువగా ఆప్షన్ ఒప్పందం. అంటే కొంత కాలం పాటు మీ సిరీస్‌ను వేరేవాళ్లకు అమ్మకుండా వాళ్లు పట్టి ఉంచుకోవడం. సంతకానికి ముందు మీ సొంత లాయరుకు చూపించి మూడు విషయాలు అడగండి. గడువు ఎంత, దాన్ని పొడిగిస్తే మళ్లీ డబ్బు ఇస్తారా? సిరీస్ తీస్తే రాసినవాళ్లుగా మీరు కొనసాగుతారా? గడువులోగా వాళ్లు తీయకపోతే హక్కులు వాటంతట అవే మీకు తిరిగి వస్తాయా? ఈ మూడో దానికి జవాబు ఒప్పందంలో అక్షరాలా రాసి ఉండాలి.